రెండు ఖాళీలు

డిపార్ట్‌మెంట్ బోర్డు మీద కాగితం:
భూపటల యాంత్రికశాస్త్రంలో పరిశోధనకు
రెండు ఖాళీలు.
అర్హత, వయసు, నెలకి ఇంతని ఫెలోషిప్పు.
అడుగున చిన్న అక్షరాల్లో
కొండల్లో తిరగగలిగి ఉండాలి.

ఆ ఆఖరి వాక్యానికి నవ్వొచ్చింది నాకు.
టెక్కలి క్వారీల్లో
అమ్మ టీ కెటిల్ మోసిన గట్టు మీదే కదా
నేను నడక నేర్చింది.
అమ్మకి మాత్రం నవ్వు రాలేదు.
"రాల్ల కాడి నుంచి సదువుకి పంపిస్తే
మల్లీ రాల్ల కాడికేనేటే?"

ఇంటర్వ్యూలో ఒకాయన అడిగారు,
రాతి లోపల ఒత్తిడి ఉందని
ఎలా తెలుస్తుందీ అని.
పుస్తకంలో జవాబుంది: ఒక మాత్రిక, అందులో ఆరు అంకెలు.
అదే చెప్పబోయాను.
డ్రిల్లరు దాలయ్య అడ్డొచ్చాడు.

నీలం గ్రానైటుని సాయంత్రం వైరు రంపంతో
నిలువెత్తు లోతు కోసి వదిలేస్తే
రాత్రి వేలు దూరిన సందులో
పొద్దున్న అగ్గిపుల్ల దూరదు.
వైరు ఇరుక్కుపోతుంది.
కొత్త కుర్రాడు మెషీన్ని తిడతాడు.
దాలయ్య బీడీ ఆర్పి
అరచెయ్యి రాతికి ఆనిస్తాడు.
"దాన్నేటీ అనకురా.
ఎనకాల కొండంతా నొక్కేస్తంది.
కాస్త జాగా దొరికింది, ఒల్లు ఇరుసుకుంది."
సందులో ఇనప చీలలు దిగ్గొట్టి
రాతి వాటం చూసుకుని
పక్క నుంచి రెండో కోత మొదలెడతాడు.

ఇదంతా చెప్పేశాను.
ఫ్యాను చప్పుడు తప్ప ఏం లేదు గదిలో.
చివరి కుర్చీలో ఆవిడ కళ్లజోడు తీసి
"ఏ దిక్కు నుంచి నొక్కుతోందంటాడు?"
"ఉత్తరం నుంచండి. కొంచెం తూర్పుకి ఒరిగి."
ఆవిడ ఏదో రాసుకున్నారు.

ఇప్పుడు నా వేలి మీద గోరంత గేజి.
దీన్ని రాతికి అతికించాలంటే చెమ్మ తగలకూడదు,
ఆశ్వయుజమేమో చినుకు వదలదు.
దాలయ్య గొడుగు పట్టాడు, గంటన్నర,
చెయ్యి మార్చుకోకుండా.
చుట్టూ గుండ్రంగా తొలుచుకుంటూ పోయాం.
వంద కోట్ల ఏళ్లుగా ఇరుగూ పొరుగూ
అదిమి పట్టిన ముక్క
పట్టు వదిలిన చోట
వెంట్రుకలో ఎన్నో వంతో సాగింది.
తెర మీద అంకె కదిలింది.
ఉత్తరం. కొంచెం తూర్పుకి ఒరిగి.

ఆయనకి చూపించాను.
అంకె వైపు కాదు, నా వైపు చూశాడు.
"దీనికి జీతమిస్తారేటి నీకు?"
ఇస్తారన్నాను. నాలుగు నెలల బకాయి సంగతి చెప్పలేదు.
"మరి రెండు కాళీలన్నావు.
రెండోది ఎవులికిచ్చినారు?"
ఎవరూ రాలేదు, ఏడాదిగా అలాగే ఉందన్నాను.

దాలయ్య గొడుగు దులిపి మడిచాడు.
"రాయైతే
ఈపాటికి మూసీసేది."