మేక ముట్టని పువ్వు

చిలకలగూడలో మా గేటు పక్కన
ఎవరూ నాటని బిళ్ళగన్నేరు.
మోరీ అంచున సిమెంటు కాస్త నెర్రె విడిస్తే చాలు,
గులాబీ రంగు రెక్కలు ఐదూ విప్పుకుని నిలబడుతుంది.

బేకరీ మెట్ల మీద పెరిగిన కుక్క, బిస్కెట్ రంగు.
గల్లీ అంతా దాన్ని ఉస్మానియా అంటారు.
ఎండపూట దాని పడక ఆ పూల కిందే.
ఓరోజు కొమ్మ విరిచి నోట కరచుకుని
నా దగ్గరికే తెచ్చింది, తోక ఊపుతూ.

ఇది విషమా అని గల్లీలో అడగని మనిషి లేడు.
ఆటో రాజనర్సు నవ్వాడు:
"మా నాయన షుగర్‌కని రోజు నాలుగాకులు నములుతడు,
ఏమైంది?"
తహేరా ఆపా నవ్వలేదు:
"నా మేకను చూడు, అట్టడబ్బా తింటది, గోడ మీది పోస్టర్ తింటది,
దీన్ని మాత్రం ముట్టదు."

నేను మేకను నమ్మాను.
ఆదివారం పొద్దున పదకొండు మొక్కలు పీకేశాను.
రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నా
మధ్యాహ్నం అన్నం ముద్ద చేదు.

వానలు మొదలయ్యాక
మెట్ల మీద నెత్తుటి చుక్కలు,
ఉస్మానియా నడిచినంత మేరా.

రాజనర్సు సీటు మీద గోనెసంచి పరిచాడు.
నారాయణగూడ ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి
"గడ్డ. కుక్క నుంచి కుక్కకు అంటుతుంది.
వారానికో సూది, ఐదారు వారాలు" అంది.
ముంగాలు మీద వెంట్రుకలు గీసి
ఊపిరి బిగబట్టి నరం వెతికింది.
ఒక్క చుక్క పక్కన పడితే చర్మం పుండైపోతుందట.

మందు నీళ్ళలా ఉంది.
"ఏంటమ్మా ఇది?"
"బిళ్ళగన్నేరు తెలుసుగా? దాన్లోంచి తీసిందే."
సిరంజిలోకి మళ్ళీ చూశాను.
గులాబీ రంగు ఎక్కడా లేదు.
"మరి అది విషం కాదా?"
"విషమే.
అందుకేగా ఈ గ్లౌజులు."

ఐదో వారానికి మెట్లు పొడిగా ఉన్నాయి.
ఆటోలోంచి తల బయటపెట్టి
దారంతా గాలిని కొరుకుతూ వచ్చింది.

గేటు దగ్గర దిగితే
నెర్రెలో పన్నెండో మొక్క, వేలెడంత.
వంగాను. చెయ్యి దాకా పోయి ఆగింది.
లేచి నాలుగు ఇటుకలు తెచ్చి చుట్టూ పేర్చాను,
కుక్క నుంచి మొక్కకో, మొక్క నుంచి కుక్కకో.

ఉస్మానియా ఒక ఇటుక మీద గడ్డం ఆనించి నిద్రపోయింది.
సాయంత్రం ఆపా మేక వచ్చి
ఆకు వాసన చూసి
ఇటుకను నాకి వెళ్ళిపోయింది.