తోలుదూడ

మల్లేపల్లి అంగడిలో
బత్తాయి లారీల పక్కన నిలబడి
వెయ్యి కాగితాలు పంచిన.
పైన "జీవహింస మహాపాపము",
కింద పద్నాలుగు కారణాలు, లెక్కలు, శాతాలు.
పొద్దెక్కేసరికి
పదకొండో కారణంలో మిరపకాయ బజ్జీ తింటున్నడొకడు.
నూనె పీల్చుకునేందుకు నా అక్షరాలు
బాగానే పనికొచ్చినయి.

టీవీఎస్ బండి హ్యాండిలుకు
కాళ్లు కట్టిన కోళ్లు
లోకాన్ని తలకిందులుగా చూస్తున్నయి.
వాటికి నేనూ తలకిందులే.

"ఏ ఊరు బిడ్డా నీది?" అన్నది అండాలమ్మ
ఖాళీ పాలక్యాను మీద కూసొని,
నా కాగితం మొన చేసి చెవి గోక్కుంటూ.
"మా కూర వాసనకు
ముక్కు మూసుకున్నోళ్లను చూసినం.
మా గిలాసను చూరుకింద వేరే పెట్టినోళ్లను చూసినం.
పాపమనే మాట వాళ్ల నోట్లెనే పుట్టింది.
నువ్వు గూడ గదే పట్కొచ్చినవా?"

నా దగ్గర పదిహేనో కారణం లేదు.

చాయ్ చెప్పిన. ఆమెకు పాలది, నాకు నల్లది.
ఎందుకట్ల అని అడగలే.
నా గ్లాసు దిక్కు చూసి చూసి, శానాసేపటికి:

"పోయిన నెల నా బర్రె ఈనింది. పోతుదూడ.
పోతుకు పాలెవడు విడుస్తడు?
కేంద్రంల లీటరుకే పైసలు గాని
దూడ కడుపుకు పైసల్లేవు.
తొమ్మిదోనాడు పోయింది.
మా ఆయన తోలు ఒలిచి, వరిగడ్డి కూరి,
నాలుగు కట్టెలు కాళ్లు చేసి ముందర నిలవెట్టిండు.
బర్రె నాకింది.
నాక్కుంట నాక్కుంట చేపింది.
కుట్టు ఊడి గడ్డి రాలుతుంటే గూడ నాకింది.
నేను పిండుకున్న.
నా నడిపోడు పోయినప్పుడు
నాకు గూడ మూడొద్దులు రయికె తడిసింది బిడ్డా."

నా పద్నాలుగు కారణాల్లో
ఒక్క బర్రె లేదు.
నాలుక అసలే లేదు.

నేనేం అనలే. నోరు తెరిస్తే
మళ్లా గద్దెనెక్కి మాట్లాడతనని భయం.

ఆమె పాలు పోసుడు మానలే.
అప్పుంది, మనుమరాలి ఫీజుంది, బోరు ఎండింది.
కాని తోలుదూడను మాత్రం
పొలంగట్టున మనిషిని పెట్టినట్టు పెట్టిందట.
పై అంగడికి తనే చెప్పింది:
"కడుపు కోసం తీసుకుంటే తీసుకున్న,
ఉత్త మోసం ఎందుకు?"
బర్రె రెండు పూటలు చేపలేదట.
మొగుడు తిట్టిండట.

ఇప్పుడు కాగితాలు తీసుకపోను.
ఒక పీట తీసుకపోత.
కూసున్నోళ్లను ఒక్కటే అడుగుత:
మీ ఇంట్ల బర్రెకు పేరేంది?

కొందరు నవ్వి లేచిపోతరు.
మొన్నొకాయన పేరు చెప్పిండు.
చెప్పి,
చాయ్ గట్లనే వదిలేసి పోయిండు.