నూట నలభై యూరోలకు రెండు చెవులు

తాంపెరేలో నవంబరు నెల, నాలుగింటికే చీకటి.
మూతపడ్డ నూలుమిల్లు అడుగున, ఒకప్పటి బాయిలరు గదిలో
రైలి డ్రమ్స్ బిగిస్తోంది.
పొద్దుటినుంచీ ట్రాము నడిపిన చేతులు.

డబ్బా బోర్లించి లెక్కపెట్టాం:
నూట నలభై యూరోలు, ఎలా చేరిందో ఒక స్వీడన్ నాణెం.
డ్రమ్స్ నెత్తిమీద వేలాడదీయడానికి
రెండు మైకులు కావాలి.

మొదట కొత్తవి తెచ్చాం, వెల్వెట్ పెట్టెలో జంట.
రెండువారాల్లో తిరిగిచ్చేయొచ్చన్నారు కదా అని.
సింబల్ మీద పుల్ల పడిందో లేదో
పెనం మీద ఆవాలు.
చిటపట, అంతే, వెనకాల ఏమీ లేదు.
"ఇది నాది కాదు" అంది రైలి,
"ఎవరిదో రేకుల షెడ్డు, దానిమీద వడగళ్లు."

ఆదివారం కంగసాల వెళ్లాం.
చర్చి కోరస్ ఎత్తేశారట, వెయ్యో అనే ముసలాయన
మేజోడులో చుట్టిన రెండు పాత మైకులు బల్లమీద పెట్టాడు.
"ఒకటి కాస్త మందం, నా ఎడమ చెవిలాగే.
బేరమాడొద్దు. నూట ఇరవై."
మేం బేరమాడలేదు. తీగలు ఊరికే ఇచ్చాడు.
మేజోడు మాత్రం అడిగి తీసుకున్నాడు.

కప్పు చేతికందే ఎత్తు. దానికో బొంత కొట్టాం మేకులతో.
స్నేర్ నడిబొడ్డు నుంచి ఈ మైకుకు ఎంతో
ఆ మైకుకూ అంతే ఉండాలి,
లేకుంటే దెబ్బ పలచబడి నీళ్లమజ్జిగవుతుంది.
టేపు దొరకలేదు. రైలి బూటులేసు విప్పి కొలిచాం.
మందపు చెవిని హైహ్యాట్ వైపు పెట్టాం.
అక్కడ కొంచెం వినిపించుకోకపోవడమే మర్యాద.

వాయించింది.
హెడ్‌ఫోన్ ఒకటే, చెరో డిప్ప చెవికి ఆనించుకుని విన్నాం.
కంచు కంచులాగే ఉంది.
పుల్ల లేచేముందు ఆమె పీల్చిన గాలి ఉంది,
ముక్కాలిపీట కిర్రుమనడం ఉంది,
సింబల్ మోత ఆరిపోయే చివర్న
సన్నగా ఒక గీర.

"అంచున గోరంత పగులు" అంది. "పోయిన చలికాలం
మంచు మెట్లమీద ఇద్దరం జారాం."
తీసేయమంటావా అన్నాను, మీట మీద వేలు పెట్టి.
"నేను లేచి నడవట్లేదా?" అంది.

మళ్లీ మొదటినుంచి వేశాం.
మూడో నిమిషంలో ఏదో దొర్లుకుంటూ పోయిన మూలుగు,
కుడివైపు ఎక్కువ, ఎడమవైపు తక్కువ.
టేకు పాడైందని నేను తల పట్టుకుంటే
రైలి గోడ గడియారం చూసి నవ్వింది:
"మావాడే.
రెండు నిమిషాలు లేటు."