ఏటి లెక్క

ఆదివారం పొద్దున్నే మన్నేట్లోకి దిగాం.
పద్దెనిమిది మందిమి, ఏడు గొడ్డళ్లు,
పంచాయతీ ఇచ్చిన చేతి తొడుగులు, అన్నీ ఎడమచేతివే.

చిల్లచెట్లు కొడుతుంటే
ఫైలు చంకన పెట్టుకుని ఆఫీసరమ్మ అడిగింది:
"పునరుద్ధరణ అంటే మళ్లీ మునుపటిలా చేయడం గదా,
ఏ ఏటి ఏరు కావాలి మీకు?
ఇక్కడ ఒక సంవత్సరం రాయాలి."

ఖాదర్‌బీ తను కాపరానికొచ్చిన ఏటిది చాలంది,
మూరెడు తవ్వితే చెలమలో బిందె మునిగిన ఏరు.
వెంగమ్మత్తకి అంతకు ముందుది కావాలి,
మాట వినపడనంత హోరుతో పారినది.
యానాది పోలయ్య కొడవలి నూరుకుంటూ
"ఏ ఏటిదైనా, మమ్మల్ని కిందకి పోయి
ముంచుకోమన్న ఏరే గదమ్మా" అన్నాడు.

కాసేపు గొడ్డళ్లు మాత్రమే మాట్లాడాయి.

మాలకొండయ్య అసలు నోరు విప్పలేదు.
ఆరేళ్లు రాత్రిళ్లు ఇసుక తోలిన ట్రాక్టరు అతనిది.
ఏ గుంట ఎంత లోతో కొలవకుండా చెబుతాడు,
అప్పున్నవాడు వడ్డీ చెప్పినట్టు.

"తీసినోడే పూడ్చాల" అన్నారెవరో.
నేను వంగి చెప్పులోని ముల్లు తీసుకున్నాను.
ముల్లేమీ లేదు.
మా స్లాబు, మా మెట్లు, బడి ప్రహరీ
ఆ ట్రాక్టరులోనే వచ్చాయి.
మే నెల రాత్రి గోడకి వీపు ఆనిస్తే
ఇంకా చల్లారని ఇసుక.
ఏరు ఎక్కడికీ పోలేదు,
మా ఇళ్లై నిలబడి ఉంది.
తిరిగిచ్చేయమంటే
ఏ గోడతో మొదలుపెట్టను?

మధ్యాహ్నానికి గోతాలు నిండాయి:
గుట్కా సంచులు, సిరంజీలు, ఒంటి చెప్పులు,
నిమజ్జనంలో కరగని దేవుడి ఇనుప చువ్వ.
"ఏరు, ఏరు" అని ఖాదర్‌బీ మనవడి మీద అరిస్తే
ఆఫీసరమ్మ తలెత్తి చూసింది,
ఎవరో నదిని పిలిచారనుకుని.

పోతూ పోతూ మళ్లీ అడిగింది, ఏమని రాసుకోను?
పోలయ్య చెప్పాడు: "వచ్చే ఏటిది రాసుకో తల్లా.
పైపాయలో నేనూ ముంచుకునేది."
అలాంటి గడి ఫారంలో లేదట.
పక్క ఖాళీలో పెన్సిలుతో రాసుకుంది.

అందరం గట్టెక్కాక చూస్తే
తన గుంటల్లోకెల్లా లోతైన గుంటలో
మాలకొండయ్య చెలమ తవ్వుతున్నాడు.
నడుంలోతున చెమ్మ తగిలింది.
ఊరింది బురద నీళ్లే.
తోడి పారబోశాడు. మళ్లీ ఊరింది, మళ్లీ బురదే.
తేటపడేదాకా తోడాలని
అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

చీకటి పడుతోంది.
పోలయ్య చెంబు పట్టుకుని దిగాడు,
తాగడానికి కాదు,
ఇంకో చేయి వేయడానికి.