బుధవారం పడవ

రెండు పడవల మీద కాళ్లు పెడితే మునుగుతావంటారు.
మా చదువు అక్కడే మొదలైంది.

చిలోయే దీవుల మధ్య, జూలై వానలో,
డెక్కు మీద ఒక మూల రెమీహియో కార్కమో,
మోకాళ్ల మీద మైనంగుడ్డలో చుట్టిన పటం.
ఇంకో మూల డాక్టర్ ఉల్డా బర్రియా,
ఒళ్లో ఫ్లాస్కు తప్ప ఏమీ లేదు.
ఆయన ఊళ్లకు వైద్యుడు. ఆవిడ మనసులకు.
మధ్యలో నేను, కడుపులో తిప్పుతుంటే పళ్లు బిగించి,
సంతకం ఇంకా అలవాటుకాని డాక్టర్ని.

"మీ లెక్కల్లో ఏడుపు పడదు," అంటుందావిడ.
"మీ కుర్చీలో ఒక్కరే పడతారు," అంటాడాయన.
సరంగు చెవుల్లో దూది పెట్టుకున్నాడు.

కెలువేలో మా ఆసుపత్రి అంటే ఒక గది,
కట్టెల పొయ్యి, తడిసిన ఉన్ని వాసన.
మార్చి నుంచీ నేను రాసిన రిజిస్టరు తిరగేశారు.
నడుం నొప్పి. నడుం నొప్పి. గుండె దడ. నడుం నొప్పి.
పద్నాలుగు మంది ఆడవాళ్లు, పద్నాలుగుసార్లు అదే మాత్ర.
చివరికొచ్చేసరికి
నా అక్షరాలు కూడా విసుగ్గా ఒరిగిపోయాయి.

ఆవిడ ఒక్కరిని పిలవమంది.
సోయ్‌లా మిల్లాలొంకో వచ్చి కూర్చుంది, తలగుడ్డ విప్పకుండా.
నేను స్టెతస్కోపు అందుకోబోతే
ఉల్డా చెయ్యి నా మణికట్టు మీద వాలింది.
పొయ్యిలో ఒక కట్టె విరిగి పడేదాకా ఎవరూ మాట్లాడలేదు.
ఆరేళ్ల చదువులో
నాకెవరూ నేర్పని పరీక్ష అది.

సోయ్‌లా నడుం మాటెత్తలేదు. బుధవారం గురించి చెప్పింది.
బుధవారం సాయంత్రం ఇక్కడ పడవ ఆగేదట.
ఎదురు దీవి నుంచి చెల్లెలు దిగేది, బంగాళాదుంప రొట్టెలతో.
రాత్రంతా ఉన్ని వడుకుతూ
ఒకరి మొగుణ్ని ఒకరు తిట్టిపోసేవాళ్లు.
నష్టమొస్తోందని పడవ ఆపేశారు.
"ఇప్పుడు రాత్రి పొడుగైంది డాక్టర్,
ఆ పొడుగంతా నడుంలోకి దిగుతోంది.
సరే వెళ్తా, కుక్కలకి పెట్టాలి,
నావి రెండూ, ఒనోఫ్రే ఇచ్చేసినవి మూడూ."

రెమీహియో పటం పరిచి
నా పద్నాలుగు పేర్లకూ తేదీలు వెతికాడు.
అన్నీ పడవ ఆగిపోయాకే.
అద్దాలు తీసి తుడుచుకున్నాడు.
తడి అద్దాల మీద లేదు.

చీటీ నన్నే రాయమన్నారు.
రోగి పేరు?
కెలువే.
మందు?
పడవ. వారానికొకసారి, సాయంత్రం పూట.
ముగ్గురం నవ్వాం, మొదటిసారి ఒకే మాటకి.

నవ్వు ఆరకముందే ఉల్డా లేచి నిలబడింది.
"కుక్కలు ఎందుకిచ్చేశాడు?"

నా చెవి పక్కనుంచి పోయిన మాట.
సముద్రం అడుగున నత్తలేరుకునే ఒనోఫ్రే
ఏ నొప్పితోనూ ఎప్పుడూ రాలేదు,
అందుకే నా రిజిస్టరులో లేడు.
రెమీహియో పటంలో ఉన్నాడు కానీ,
ఒక చుక్క, ఒంటరి ఇల్లు, బావి లేదు, అంతే.
ఆ చుక్కని నడిచి పెట్టినవాడు గనక
చీకట్లో, బురదలో, అడ్డదారి ఆయనకి తెలుసు.
తలుపు దగ్గర ఏమనాలో ఆవిడకి తెలుసు.
లాంతరు పట్టుకోవడం నేను నేర్చుకున్నాను.

తలుపు చాలాసేపు తెరుచుకోలేదు.
తరువాత తెరుచుకుంది.
తెల్లారేదాకా మేం నలుగురం
ఎవరి ఓటమీ గెలుపూ లేని పేకాట ఆడాం,
ఉదయం అతను మాతోపాటే పడవెక్కాడు.

ప్రభుత్వం పడవ పంపింది, అయిదు నెలలకి,
అదీ నెలకి రెండుసార్లే.
సోయ్‌లా నడుం ఇంకా నొస్తుంది, ముసురు పట్టినప్పుడు.
కొన్ని నొప్పులు నిజంగా నడుంవే.
గురువులిద్దరూ ఇప్పటికీ పోట్లాడుకుంటూనే వస్తారు,
ఫ్లాస్కు మాత్రం ఒకటే తెస్తున్నారు.

నేను రిజిస్టరులో చేత్తో ఒక గడి గీశాను,
స్కేలు దొరక్క కాస్త వంకరగా.
పైన ఏం రాయాలో తోచక
"కుక్కలు ఎవరి దగ్గర" అని రాశాను.