పొట్టుకు రెండో పేరు

మెడ కింద మొదలైంది.
తర్వాత చెవి వెనక, తర్వాత తోక మొదట్లో
రూపాయి బిళ్లంత బోడి చర్మం.
రాత్రి రెండింటికి గచ్చు మీద దాని కాలు టకటకమంటుంటే
ఎవరో తలుపు కొడుతున్నారని లేచేవాణ్ణి.

ముందు నన్నే అనుమానించుకున్నాను.
పర్లాకిమిడిలో కొమ్ము పనివాడి ఇల్లిది.
ఆకురాయి కింద రాలే పొడి
అన్నంలోకీ పడుతుంది, దగ్గులోకీ పడుతుంది.
ఆ పొట్టులో దొరికిందనే కదా
దానికి పొట్టు అని పేరు.
తొమ్మిది రోజులు రంపం ముట్టలేదు.
సగం చెక్కిన కొంగ ఒంటికాలి మీద ఎదురుచూసింది.
పొట్టు గోక్కుంటూనే ఉంది.

"గజ్జి. కిరసనాయిలు రాసెయ్"
పాతపట్నం నుంచి బావమరిది ఫోను.
పెట్టేశాను.

పశువులాసుపత్రిలో మార్థా రయితా డాక్టరమ్మ
సవర యాస తగిలిన తెలుగులో అడిగింది:
"సన్న దువ్వెన ఉందా?"
నన్ను! నలభై ఏళ్లుగా దువ్వెన పళ్లు కోస్తున్నవాణ్ణి!
ఆ రాత్రే గేదె కొమ్ముతో ఒకటి కోశాను,
ఈపి కూడా జారిపోలేనంత దగ్గర పళ్లు.
దువ్వితే రాలిన నల్ల నలుసుల్ని
తడి కాగితం మీద వేసి చూడమంది.
ఎర్రగా కరిగితే గెంతే పేలు తాగిన నెత్తురు.
కరగలేదు.
నా కొమ్ము పొడే అది.

"అయితే తిండి" అంది.
ఎనిమిది వారాలు ఉడికించిన మేకమాంసం ఒక్కటే.
మేం ఏడాదికి రెండుసార్లు తినేది
దానికి రెండు పూటలా.
పాలు బంద్. గుడ్డు బంద్. చేప పేరెత్తకూడదు.
నోటుబుక్కు పెట్టాను:
మూడో వారం, రాత్రికి ముప్పై గోకుళ్లు.
నాలుగో వారం, ముప్పై నాలుగు.
డాక్టరమ్మ పుస్తకం చూసి, నన్ను చూసి,
"ఇది ఇంకెక్కడో తింటోంది" అంది.

ఆ మధ్యాహ్నం అప్పులవాడిలా దాని వెనక పడ్డాను.
గోడెక్కింది. కాలువ దాటింది.
గంతాయత్ వాళ్ల పెరట్లో దిగింది.

మూడేళ్లుగా ఆ ఇంటితో మాటల్లేవు.
కాలిన కొమ్ము కంపు పూజగదిలోకి వస్తోందని
ఆవిడ అవతల నుంచి ఒడియాలో తిట్టింది,
నేను ఇవతల నుంచి తెలుగులో.
ఇద్దరికీ రెండూ వచ్చు. అదే వచ్చిన చిక్కు.

ఇప్పుడు చూరు కింద పీట వేసుకుని
బిష్ణుప్రియా మాఉసి పొఖాళ కలుపుతోంది.
కాల్చిన శుఖువా తల తుంచి
"జేమా, ఆ, ఆ" అని పిలుస్తోంది.
జేమ అంటే రాజకుమారి.
నా పొట్టు తోక నిటారుగా లేపి పోయింది.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాను.
ఆవిడ అదిరిపడలేదు.
"మావారు పోయిన ఆషాఢం నుంచి."
ఆ చావుకి నేను వెళ్లలేదు.
రంపం మాత్రం ఆ పూట ఆపాను,
అది ఎవరికీ వినిపించదు.

శ్రావణంలో కదా గోకుడు మొదలైంది.
చెప్పాను.
ఆవిడ ఎండుచేప కిందపెట్టి అరచేతులు చూసుకుంది.
"నా చేతులా?"
"చేతులు కాదమ్మా. చేప."

మళ్లీ ఒకటో వారం, రెండిళ్లకీ కలిపి.
పుస్తకంలో ఒక పేజీ నాది, ఒక పేజీ ఆవిడ ఒడియాది.
ఏడో వారానికి తోక మొదట్లో నూగు.
"ఇప్పుడు చేప మళ్లీ పెట్టి చూడాలి,
అప్పుడే రుజువు" అంది డాక్టరమ్మ.
మాఉసి పెట్టనంది.
నేనూ రెండు రోజులు పెట్టలేకపోయాను.
చివరికి గోరంత ముక్క గోడ మీద ఉంచి
ఇద్దరం చెరో పక్కకీ తిరిగి నిలబడ్డాం.

మూడో రాత్రి గచ్చు మీద కాలు.
ఈసారి తలుపనుకోలేదు.

శుఖువా మూట కాశీనగర్‌లో చెల్లెలింటికి వెళ్లిపోయింది.
"కొమ్ము కాల్చే ముందు ఒక కేకెయ్యి,
కిటికీ మూసుకుంటాను" అంది మాఉసి, అంతే.

నెల దాటింది. ఇవాళ పొట్టు
ఎండలో కూర్చుని ఒక్కసారి చెవి గోక్కుంది.
పుస్తకం తీశాను, కలం తీశాను.
ఊరికే గోక్కుందేమో, పిల్లి కదా.
గోడ మీదుగా అడిగాను,
"మాఉసీ, రాయనా?"