ఆ ఒక్క ఫైలుకు తప్ప

హోగ్ని రిటైరై మాకు మిగిల్చినవి మూడు:
సొరుగులో ఎండుచేప ముక్క, తుప్పు పట్టిన గాలం,
బిల్డ్ ఫైల్లో ఒక పొడుగాటి వరుస.

అడ్డగీత తగిలించుకున్న అక్షరాలు
తోర్స్‌హావ్న్ రేవులో కట్టేసిన పడవల్లా
ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడ్డాయి.

మైనస్ ఓ టూ: పరుగెత్తు, ఆయాసపడకు.
మైనస్ జీ: వెళ్ళిన దారిలో గుర్తులు వదులు.
మైనస్ డబ్ల్యూ ఆల్: ఏ చిన్న అనుమానమొచ్చినా
కడుపులో దాచుకోకు.
ఫాస్ట్ మ్యాథ్: లెక్కలో మరీ పట్టింపులకు పోకు.

ఆ కిందే, అలల లెక్క కూడే ఫైలొక్కదానికి
ఫాస్ట్ మ్యాథ్ వద్దని విడిగా ఉంది.
ఎందుకో రాయలేదు.

కొట్టేశాను.
నలభై నిమిషాల లెక్క తొమ్మిదికి దిగింది.
శుక్రవారం కేకు కోశాం.

మూడు వారాలకు
శాండోయ్ నుంచి త్రోన్దుర్ ఫోను.
ఉత్తరాల పడవ నడుపుతాడు.
"మీ పట్టికలో నీళ్ళు పదకొండు నిమిషాలు ఆలస్యంగా తిరుగుతున్నాయమ్మా" అన్నాడు.
తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి కంపైలర్‌ని మైనస్ ఎస్ అని అడిగాను.
అలా అడిగితే అది ఏదీ దాచదు.
కోట్ల చిన్న అంకెల్ని ఒక పెద్ద మొత్తంలో పోస్తుంటే
ప్రతిసారీ అంచు మీంచి కాస్త చిల్లర రాలుతుంది.
హోగ్ని దాన్ని ఏరి, ఒక మూల దాచి
తర్వాతి కూడికలో కలిపేవాడు.
కంపైలర్‌కి బీజగణితం బాగా వచ్చు.
కలిపిందే తీసేస్తే మిగిలేది సున్నాయేగా,
సున్నాని మోయడం దేనికి, అనుకుని
ఆ నాలుగు పంక్తులూ ఊడ్చేసింది.
దాని తప్పేం లేదు.
ఒక్క మాట కొట్టేసి, సరేనన్నది నేను.

హోగ్ని కొండవాలు మీద గొర్రెకి ఉన్ని తీస్తున్నాడు.
అంతా విని, "పడవకేమైనా తగిలిందా?" అన్నాడు.
లేదన్నాను. త్రోన్దుర్ ముందు నీళ్ళని చూస్తాడు,
పట్టిక తర్వాత.
"మరి నువ్వెందుకు రాయలేదు?"
"రాద్దామనే అనుకున్నా," అన్నాడు,
గొర్రె ఇంకో కాలు పట్టుకుంటూ,
"ఆ రోజు వాతావరణం బాగుంది."

మాటని తిరిగి దాని చోట పెట్టాను.
పైన ఒక పంక్తి రాశాను:
ఇక్కడ సున్నా, సున్నా కాదు.
ఎవరికైనా నమ్మకం కుదరకపోతే ఉంటుందని
పక్కనే త్రోన్దుర్ ఫోన్ నంబరు వేశాను.
పొద్దున ఆరు దాటాక చెయ్యండి.